డొంక రోడ్డుకు నీళ్ల వంతు

మా ఊరికి రోడ్డు వచ్చిందంటే గుంటూరులో మా చుట్టాలు నవ్వుతారు. ఈ రోజుల్లో అది కూడా ఒక కబురేనా అంటారు. నాకు కబురే. ఆ రోడ్డు కోసం నేను పడ్డ మాటలన్నీ మూటగడితే ట్రాక్టరు ట్రక్కు నిండుతుంది.

నేను ఒక దఫా మా ఊరికి ప్రెసిడెంటుగా చేశాను. మహిళా రిజర్వేషన్ వచ్చింది కాబట్టి నిలబెట్టారు, గెలిచాను. మా వైపు ఇలాంటప్పుడు పదవి భార్యకు, కుర్చీ భర్తకు. మా ఆయనకు ఆ యోగం పట్టనివ్వలేదు. మండల సమావేశాలకు నేనే వెళ్లేదాన్ని. ఆయన నన్ను బండి మీద దింపి ఎదురుగా టీ కొట్టులో కూర్చునేవాడు. "నన్ను ప్రెసిడెంటు గారి డ్రైవరంటన్నారే" అని వాపోయేవాడు కానీ, దింపడం మాత్రం ఏనాడూ మానలేదు.

సత్తెనపల్లి వెళ్లే తారు రోడ్డు నుంచి మా ఊరికి పొలాల మధ్యగా ఒక డొంక వస్తుంది. ఎప్పుడో ఎడ్లబండ్లు నడిచిన బాట. దాని మీద వరసగా నాలుగు ఊళ్లు, మాది చివరిది. కాలవకు మాత్రం మేమే మొదలు. మా తూములు దాటాకే నీళ్లు కింది ఊళ్లకు పోతాయి. తారు రోడ్డు పక్కనున్న ఊరు కాలవకు ఆఖరు.

రోడ్లకని మండలానికి డబ్బు వచ్చినప్పుడల్లా పంపకం ఒకటే తీరు. గొడవ లేకుండా అన్ని ఊళ్లకూ సమానం. వినడానికి ఎంత బాగుంటుందో! ప్రతి ఊరూ తన వాటాతో నడిబజారులో ఒక సిమెంటు ముక్క పోసుకునేది. మళ్లీ డబ్బొస్తే, మా వీధి ఏం పాపం చేసిందని ఇంకొకళ్లు లేచేవాళ్లు. అక్కడొక ముక్క. ఊళ్లనిండా ముక్కలే, వాటిని కలిపే డొంక మాత్రం నల్లరేగడి బురదలోనే. పోనీ ఆ ముక్కలు వృథా అయ్యాయా అంటే అదీ లేదు. చదునుగా, శుభ్రంగా ఉన్నాయని వాటి మీద మిరపకాయలు ఆరబోసుకునేవాళ్లం. ప్రభుత్వం రోడ్డుకని ఇచ్చేది, మేం కళ్లం చేసుకునేవాళ్లం.

ఆ ఏడు మా ఊరి ముక్క మా వీధికి రావాలి. సరిగ్గా మా పెద్ద తోడికోడలి ఇంటి ముందు. ఆవిడ కాయ ఏటా మట్టి కళ్లంలోనే ఆరేది, మట్టి పట్టిందని వ్యాపారులు వంకలు పెట్టేవాళ్లు. "ఈసారి నా కాయ సిమెంటు మీద ఆరుద్దే" అని కనపడిన వాళ్లందరికీ చెప్పుకుంది.

సరిగ్గా మండల సమావేశానికి ముందు రోజు, మిరపకోతలకు వెళ్లే ఒక అమ్మాయికి పురిటినొప్పులొచ్చాయి. అంబులెన్సు బురద చూసి డొంక మొదట్లోనే ఆగిపోయింది. ట్రాక్టరు ట్రక్కులో పరుపు వేసి పడుకోబెట్టి తీసుకెళ్లాం. తల్లీ బిడ్డా క్షేమమే. కానీ ఆ కుదుపులకు ఆ పిల్ల పెట్టిన కేకలు మర్నాడు సమావేశంలో కూర్చున్నా నా చెవుల్లోనే ఉన్నాయి. ఇంజనీరు గారు యథాప్రకారం సమాన వాటాలు చదవడం మొదలుపెట్టగానే నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"ఏవండీ, నీళ్లు తక్కువైనప్పుడు కాలవని నాలుగు పాయలు చేసి పంచుకుంటన్నామా? అట్టా పంచుకుంటే ఎవరి చేనన్నా తడుస్తదా? వంతు పెట్టుకుంటాం. ఒక ఊరి వంతప్పుడు మిగతావాళ్లం తూములు మూసుకుంటాం. డబ్బు దగ్గర మాత్రం ఆ తెలివి ఏమైపోద్దండీ మనకి? నాలుగూళ్ల వాటాలూ కలిపి తారు రోడ్డు కాడినించి డొంక పోసుకుంటా వద్దాం."

తారు రోడ్డు పక్క ఊరి ప్రెసిడెంటు పెద్దాయన. ఆయన తువ్వాలు సర్దుకుని నా వంక చూశాడు.

"మాట బానే ఉందమ్మా. అటునించి మొదలెడితే ముందు మా ఊరు, ఆఖరున మీ ఊరు. మీ వాటా ఒదులుకుంటావా?"

"ఒదులుకుంటా."

"మీ దాకా రాకముందే ఎవరన్నా మాట తప్పితేనో?"

"నీళ్ల వంతుకి కాగితాలు రాసుకున్నామా బాబాయిగారూ?"

అందరూ ఒప్పుకున్నారు. గర్వంగా బయటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఇంటికి పోదామా, మీ పుట్టింట్లో దింపమంటావా?" అన్నాడు.

ఆయన భయం నిజమే. ఊరి సొమ్ము పొరుగూరికి ధారపోసి వచ్చానని రచ్చబండంతా ఒకటే గోల. అన్నిటికంటే తోడికోడలి మాట గుచ్చుకుంది. "నీ పెత్తనానికి నా కళ్లమే దొరికిందా?" అంది. అంతే, నాతో మాటలు మానేసింది. అలవాటు ప్రకారం కూర గిన్నె మాత్రం పిట్టగోడ మీద పెట్టేది. "మరిదికి" అని గోడతో చెప్పి వెళ్లిపోయేది.

డబ్బు వచ్చినప్పుడల్లా రోడ్డు ఒక్కో ఊరు దాటుతూ వచ్చింది. మా పొలిమేర చేరేలోపే నా పదవి అయిపోయింది. మధ్య ఊళ్లలో ప్రెసిడెంట్లు మారారు, ఇంజనీరు మారాడు. ఇక మా వంతే అనుకుంటున్నప్పుడు కబురొచ్చింది. ఎప్పుడో ఎవరో అనుకున్న మాటకు మేమెందుకు కట్టుబడాలి, ఈసారి పాత పద్ధతిలోనే వాటాలు వేసుకుందామని మధ్య ఊళ్లవాళ్లు అంటున్నారట. అదే జరిగితే మా ఊళ్లో ఎవరికీ మొహం చూపించలేను. సమావేశం రోజున వెళ్లి, లోపలికి పోయే హక్కు లేదు కనుక, వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను.

లోపల వాటాల మాట రానే వచ్చింది. అప్పుడు పెద్దాయన గొంతు వినిపించింది. ఆయన మళ్లీ గెలిచాడు.

"ఏవయ్యా, మాది కాలవకి ఆఖరు ఊరు. ఎండలు ముదిరినాక పై ఊరోళ్లు తూములు మూస్తేనే మా చేలకి తడి. ఏ ఏడన్నా మూయకుండా ఉన్నారా? ఇయ్యాల ఆళ్ల రోడ్డు వంతు మనం తినేసి, రేపు నీళ్ల వంతు ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?"

మధ్య ఊళ్లవాళ్లు తమలో తాము గొణుక్కున్నారు. తర్వాత ఎవరో, "సరే, పై ఊరికే పొయ్యండి" అన్నారు. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. మా ఆయన టీ తెచ్చి చేతిలో పెట్టాడు. అంత కమ్మటి టీ నేను మళ్లీ తాగలేదు.

మా వీధి దాకా రోడ్డు పడింది. తడి ఆరగానే జనం కాయ పట్టుకొచ్చారు ఆరబోద్దామని. పదవి లేకపోయినా నోరుంది కదా, వీధంతా తిరిగి తగువులాడాను. "ఇది రోడ్డు, కళ్లం కాదు" అన్నాను. తోడికోడలు నా వంక కొరకొరా చూసి, తన బుట్టలు ఎత్తుకుని మళ్లీ మట్టి కళ్లానికే పోయింది.

కాయ ఎండి బస్తాలకెత్తే వేళకు ఒక మధ్యాహ్నం మబ్బులు కమ్మాయి. తడిస్తే కాయ రంగు పోయి తాలు కింద సగం ధరకే పోతుంది. ఆవిడ ఏడాది కష్టం అంతా ఆ కళ్లంలోనే ఉంది. ఇంటిల్లిపాదీ పరిగెత్తాం. ఆవిడ, నేను ఒకే టార్పాలిన్ పట్టా చెరో కొసా పట్టుకుని కాయ పోగుచేశాం, ఒక్క మాటా లేకుండా. ట్రాక్టరు కొత్త రోడ్డు మీదుగా కళ్లం అంచుదాకా వచ్చింది. బస్తాలు ఎక్కించుకుని, ఎక్కడా దిగబడకుండా, గుంటూరు కోల్డ్ స్టోరేజీకి దారిపట్టింది. అది కనుమరుగయ్యాక వాన మొదలైంది.

ఇద్దరం మా చూరు కింద నిలబడ్డాం. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ రోడ్డు వంక చూసింది.

"దీని మీద కాయ పోసుకునుంటే ట్రాక్టరెట్టా వచ్చేదే ప్రెసిడెంటూ?"

"నేనిప్పుడు ప్రెసిడెంటుని కాదక్కా."

"నోర్ముయ్" అంది. వాన కాస్త తెరిపివ్వగానే ఇంట్లోకి వెళ్లి, గిన్నె తెచ్చి పిట్టగోడ మీద పెట్టింది. ఈసారి గోడతో కాదు, నా వంకే చూసి చెప్పింది.

"దోసకాయ పప్పు. ఇద్దరికీ."