ఒక అంకె తేడాతో ఇంకొకరి రిపోర్టు

నా భార్య లక్ష్మి చివరి రోజు మామూలుగానే మొదలైంది. పొద్దున్నే చాయ్ తాగింది. పది గంటలకు జనగామలో స్కానింగ్ తీయించాం. సాయంత్రానికి దవాఖానలో పోయింది. జబ్బు పేరు ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. ఇప్పటిదాకా చెప్పలేదు.

ఈ రోజు ఎందుకో ఆ రిపోర్టు చూడాలనిపించింది. స్కానింగ్ సెంటర్ వాళ్ళు లక్ష్మి ఫోన్‌కు పంపిన లింకును చూస్తూ నా ఫోన్‌లో కొట్టాను. చివరి అంకె తప్పు పడింది. బచ్చన్నపేటకు చెందిన ఒకామె రిపోర్టు పేరు, వయసు, ఫోన్ నంబరుతో సహా తెరుచుకుంది. నేనెవరినో అది అడగనే లేదు.

సెంటర్‌కు వెళ్ళి కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి చూపించాను.

"నంబర్ తప్పు కొట్టిండ్రు సార్. సరిగ్గ కొడితే మీదే వస్తది."

"తప్పు కొడితే వేరేటోళ్ళది ఎందుకు రావాలె బిడ్డా?"

"గట్ల ఎవరు కొడ్తరు సార్?"

"నేను కొట్టిన కదా."

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. "పరేషాన్ కాకుండ్రి. మేడమ్‌ది తీసెయ్యమంటే తీసేస్తం. మల్ల మాత్రం రాదు."

రేపు చెప్తానని వచ్చేశాను. ముందు ప్రింటు తీసుకోవచ్చన్న సంగతి ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. బచ్చన్నపేట ఆమె సంగతే తేలడం లేదు. తన రిపోర్టు ఇలా ఎవరికైనా తెరుచుకుంటోందని ఆమెకు చెప్పాలంటే, నేను చూడకూడని ఆ నంబరుకే ఫోన్ చేయాలి. మీరైతే ఏం చేస్తారు?

రేపు పొద్దున్నే వెళ్ళి ప్రింటు తీసుకుని, లక్ష్మి రిపోర్టు తీయించేస్తాను. తర్వాత అక్కడి నుంచే ఆమెకు ఫోన్ చేసి, ముందు క్షమించమని అడుగుతాను.