చేతిలో బుట్ట

ఇంటికి కొత్తగా ఫోను వచ్చిన రోజులు. గుమ్మం దాటితే నాకు గుండెదడ. ఆరు నెలలపాటు రిసీవరు గట్టిగా పట్టుకుని డాక్టరమ్మకు అన్నీ చెప్పుకున్నాను. చివరికి ఆవిడ, "ఇక ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. బస్సెక్కి రండి" అంది.

ఎక్కాను. చేపలమ్మే ఒకావిడ పక్క సీటొక్కటే ఖాళీగా ఉంది. రెండు స్టాపులకే చెమటలు పట్టి, దిగిపోదామని లేచాను.

"ఏటమ్మా, ఇక్కడేనా దిగడం?"

"కాదు, సీతమ్మధారలో. భయమేస్తోంది."

ఆవిడ తన ఖాళీ బుట్ట తీసి నా చేతుల్లో పెట్టింది. "కూకో. గట్టిగా పట్టుకో."

కూర్చున్నాను. దారంతా పట్టుకునే ఉన్నాను. సీతమ్మధారలో తిరిగిస్తుంటే ఆవిడ నవ్వింది.

"మొదటిపాలి సంద్రం మీదికి ఏటకెల్లినోడికి మావోళ్లు సేతికో తాడిత్తారు. దాంతో పనేటీ ఉండదు. సెయ్యి కాళీగా ఉంటే బయం ఎక్కువైపోతాదమ్మా."

అంతవరకూ గొంతు మాత్రమే తెలిసిన డాక్టరమ్మను ఆరోజే మొదటిసారి చూశాను. ఆవిడ నా వెనక్కి తొంగిచూసింది.

"మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారు?"

"ఎవరూ లేరండీ. బస్సులో నేనే వచ్చాను" అంటూ షేక్‌హ్యాండుకి చెయ్యి చాచాను.

చేతినిండా చేపల వాసన. కడుక్కుని రావాలని నాకు తోచనేలేదు.