తిరుపాలమ్మ పచ్చ గాజు

తిరుపాలమ్మకు వనజాక్షి అంటే కుళ్లు. నేను కల్పించి చెప్పడం లేదు, తనే నా దగ్గర పదిసార్లు ఒప్పుకుంది. "దాన్ని చూస్తే నా కడుపు మండుతాదే" అని మధ్యాహ్నం సద్దిమూట విప్పే ముందు రోజూ అనేది. నేను మూతలు బిగించే మిషను దగ్గర పనిచేస్తాను. ఆమె నాకు నాలుగడుగుల దూరంలో కూర్చుంటుంది. వినక తప్పదు.

మాది పామిడి దాటాక రోడ్డు పక్కనున్న చీనీరసం ఫ్యాక్టరీ. చీనీ అంటే బత్తాయే. బోర్లు ఎండిపోకుండా మిగిలిన తోటల కాయలన్నీ ఇక్కడికే వస్తాయి. రసం తీసి, కాచి, గాజు సీసాల్లో పోసి మూత వేస్తాం. పోసే ముందు కడిగిన ప్రతి సీసానూ తెల్ల లైటు ముందు పట్టి చూడాలి, అడుగున గాజుపెంకు ఉందా, మూతి దగ్గర బీట ఉందా అని. రసం పోశాక ఇక లోపల ఏమున్నా కనబడదు. ఆ లైటు దగ్గరి స్టూలు పదకొండేళ్లుగా తిరుపాలమ్మదే. ఓనరు లక్ష్మీపతి బయటి వాళ్లను తెచ్చినప్పుడల్లా ఆమెను చూపించి, "మా అక్క కన్ను దాటి ఏదీ పోదు" అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె నెల రోజులు ఎగిరేది. ఇంటికెళ్లి మొగుడు ఈరప్పకు చెప్పేది. గొర్రెలు తోలుకొచ్చి అలసిపోయిన ఆ మనిషి ఊ కొట్టి పడుకునేవాడు.

పోయిన ఏడాది వనజాక్షి వచ్చింది. అనంతపురంలో చదువుకున్న పిల్ల, పాతికేళ్లు కూడా లేవు, కొత్తగా పెళ్లయింది. లక్ష్మీపతి ఆమెకు నీలం టోపీ ఇచ్చి సీసాల ఇన్‌ఛార్జి అన్నాడు. మా అందరివీ తెల్ల టోపీలే. ఆ నీలం టోపీ తనకే వస్తుందని తిరుపాలమ్మ అప్పటికే సగం ఊరికి చెప్పుకుంది. అసలు మంట అదీ. అక్కడి నుంచి వనజాక్షి ఏం చేసినా తప్పే. స్కూటీ మీద వస్తే తప్పు. రిజిస్టరులో ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తే తప్పు. "అక్కా" అని మర్యాదగా పిలిస్తే ఇంకా పెద్ద తప్పు.

పైగా ఆ పిల్ల కొత్త పద్ధతులు పెట్టింది. సీసా పగిలితే సీసాలు కదిలే బెల్టు ఆపాలి. చెప్పుల కింద పెంకులు వేరే చోటికి పోతాయి కాబట్టి ఎవరూ కదలకూడదు. పగిలిన చోటికి అటు పది, ఇటు పది సీసాలు పక్కన పడేయాలి. పెంకులకు మాత్రమే వాడే ఎర్ర చీపురుతో ఊడ్చి, ముక్కలన్నీ పళ్లెంలో పేర్చి సీసాను మళ్లీ నిలబెట్టాలి. ఒక్క ముక్క తగ్గినా సరుకు గేటు దాటదు.

"చీపురుకు గూడా రంగంట! రేపు బకెట్టుకు బొట్టు పెట్టమంటాది" అని తిరుపాలమ్మ వెటకారం.

ఆఖరున గాజుల దగ్గరికి వచ్చింది. చేతి గాజులతో ఎవరూ లోపలికి రాకూడదంది. మొగుడు బతికుండగా చేతులు బోడిగా ఎలా పెట్టుకుంటామని ఆడవాళ్లందరం గొడవ చేశాం. వనజాక్షి వాదించలేదు. ముందు తన గాజులు తీసి తలుపు బయట పెట్టి, మణికట్టుకు పసుపుదారం కట్టుకుంది. మేమూ కట్టుకున్నాం. తిరుపాలమ్మ కూడా కట్టుకుంది. కానీ ఎడమచేతికున్న రెండు పచ్చ గాజులు మాత్రం తీయకుండా, మణికట్టు నుంచి మోచేతి దాకా వేసుకునే వదులు ప్లాస్టిక్ తొడుగు కింద దాచుకుంది. ఆ రూలు లక్ష్మీపతి పెట్టి ఉంటే మారుమాట లేకుండా తీసేసేది.

మార్చి నెలలో, గుంతకల్లు వైపు ఒక బడిలో ఆటల పోటీలకని ఎనిమిది వందల సీసాలు అడిగారు. పొద్దున్నుంచి నింపుతున్నాం. మధ్యాహ్నం మూడింటికి, దాదాపు చివరికొచ్చాక, రసం పోస్తుండగా ఒక సీసా ఫట్‌మని పేలింది. వేడికి అప్పుడప్పుడూ అలా జరుగుతుంది. బెల్టు ఆపి అందరం ఎక్కడివాళ్లం అక్కడే నిలబడ్డాం.

వనజాక్షి ఊడ్చి పేర్చడం మొదలుపెట్టింది. అడుగు కుదిరింది, మెడ కుదిరింది, మూతి కుదిరింది. సీసా పూర్తయింది. కానీ పళ్లెంలో ఇంకో ముక్క మిగిలింది. గోరంత ముక్క, పచ్చది. మా సీసాలకు రంగు ఉండదు.

"ఇది సీసాది కాదు. ఎవురో చేతి గాజుది" అంది వనజాక్షి.

లక్ష్మీపతి వచ్చి చూసి, అందరి ముందూ ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాడు. "గాజులన్నీ తీపిచ్చినానంటివే! ఇదేంది మరి? ఇట్లాంటి ఇన్‌ఛార్జి నాకెందుకు? రేపట్నుంచి రావాకు నువ్వు!"

తిరుపాలమ్మ ఏడాదిగా ఏ మాట కోసం మొక్కుకుందో ఆ మాట వచ్చేసింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. వెలిగిపోయింది. ఆ సంతోషంలోనే ఆమె కుడిచెయ్యి ఎడమ తొడుగు మీదికి పోయింది. తడిమి చూసుకుంది. ఒక గాజే నిండుగా తగిలింది. రెండోది విరిగిన వంపు.

నోరు మూసుకుంటే చాలు. పదకొండేళ్ల మనిషిని ఎవరు అనుమానిస్తారు? వనజాక్షి పోతుంది, నీలం టోపీ ఖాళీ అవుతుంది.

వనజాక్షి తన ఉద్యోగం మాటే ఎత్తలేదు. "అన్నా, ముక్క ఒకటే దొరికింది. మిగిలిండేది యాడ పడిందో తెలీదు. సరుకు పంపకూడదు" అంది.

"అటు పది, ఇటు పది తీసేస్తిరి గదా! బండి వచ్చి నిలబడుండాది. ఎక్కియ్యండి" అన్నాడు లక్ష్మీపతి.

పెట్టెలు కదిలాయి. రెండో పెట్టె గుమ్మం దాటుతుండగా తిరుపాలమ్మ స్టూలు మీంచి లేచింది.

"నిలపండప్పా! పిల్లోళ్లు గటగటా తాగేస్తారు" అని అరిచి తొడుగు లాగేసింది. విరిగిన గాజు కిందపడింది. "అది నాది. నేనే తీయలేదు. ఇందాక సీసా పేలినప్పుడు ఉలిక్కిపడి చెయ్యి కమ్మీకి కొట్టుకున్యా. అప్పుడే పగిలుంటాది."

వనజాక్షి ఆమె మణికట్టు పట్టుకుని లైటు దగ్గరికి లాగింది. చర్మం మీద సన్నటి గీత. "కాదక్కా. నెత్తురు ఎండిపోయి నల్లగయింది. ఇది పొద్దున ఎప్పుడో పగిలింది."

తిరుపాలమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ట్రే జరుపుతుంటే చురుక్కుమంది, చెమటకు తొడుగు ఒరుసుకుందనుకుంది. అంటే ఆ ఇరవై సీసాలు తీసేస్తే సరిపోదు. పొద్దున్నుంచి నింపినవన్నీ చూడాలి.

కింద పడిన వంపు పక్కన పచ్చ ముక్క పేరిస్తే ఇంకా గోరంత ఖాళీ మిగిలింది. వెతకాలంటే మూతలు తీయాలి, తీశాక ఆ రసం ఇక అమ్మడానికి పనికిరాదు. తాగే నీళ్లకు ట్యాంకరు కోసం కాచుకునే చోట అంత రసం పారబోయడమంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. లక్ష్మీపతి చూడలేక బయటికి పోయాడు. తిరుపాలమ్మ ఒక్కో సీసా మూత తీసి తెల్లగుడ్డలో వడపోసింది. ఎవరినీ ముట్టనివ్వలేదు. దీపాలు పెట్టే వేళకు, ఆరు వందలు దాటాక, గుడ్డ మీద పచ్చగా మెరిసింది. వనజాక్షి దాన్ని పళ్లెంలో పెట్టింది. గాజు గుండ్రంగా పూర్తయింది.

"నువ్వు రేపు రావాకు అక్కా" అన్నాడు లక్ష్మీపతి.

వనజాక్షి అడ్డం వచ్చింది. "ఆయమ్మ చెప్పకుంటే బండి పోయుండేదన్నా. ఆ కన్ను లైటు కాడే ఉండల్ల." రిజిస్టరులో గాజు ఎవరిదన్న చోట తిరుపాలమ్మ పేరు రాసింది. పోయిన ముక్క ఎవరు కనిపెట్టారన్న చోట కూడా ఆ పేరే రాసింది.

మర్నాడు తిరుపాలమ్మ ఉత్త పసుపుదారంతో వచ్చి స్టూలు మీద కూర్చుంది. "ఇప్పుడన్నా కుళ్లు తగ్గిందా?" అని అడిగాను.

"యాడ తగ్గేది? ఇంకా ఎక్కువయింది" అంది. ఒక సీసా చూసి బెల్టు మీద పెట్టింది. "ఆ నీలం టోపీ నా నెత్తిన ఉండి, గాజు దానిదయ్యుంటే, నేను దాన్ని పనిలో నిలబెట్టుందునా?"

నేను నా మిషను మీద ఒక మూత బిగించాను.

"నిలబెట్టను" అంది తనే, ఇంకో సీసాను లైటు ముందు తిప్పుతూ. "అది నాకు తెలుసునే. అందుకే మండుతాది."