పళ్లు చూసే హుసేన్ వలి

ఒట్టు అనే మాట వింటే చాలు, హుసేన్ వలికి ఒళ్లు మండుకొచ్చేది. బద్వేలు చుట్టుపక్కల ఎక్కడ బండలాగుడు పోటీలు జరిగినా ఎద్దుల పళ్లు చూసి, ఏ జత ఏ విభాగంలో దిగాలో తేల్చేది ఆయనే. ముప్పై ఏళ్లలో ఆయన విన్నన్ని ఒట్లు ఏ కోర్టు బంట్రోతూ విని ఉండడు. బ్రహ్మంగారి మీద ఒట్టు, పెద్ద దర్గా మీద ఒట్టు, ఏసుప్రభువు మీద ఒట్టు, కన్నతల్లి మీద ఒట్టు. ఒకాయనైతే తన ఎద్దు మీదే ఒట్టు వేశాడు. ఆయన ఆడుతున్న అబద్ధం ఆ ఎద్దు నోట్లోనే కనిపిస్తోంది.

"నువ్వు గమ్మునుండప్పా," అనేవాడు హుసేన్ వలి. "నోరు తెరవాల్సింది నువ్వు కాదు, ఎద్దు."

నిబంధన చూస్తే చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేదే. ఎద్దుకు ముందుపళ్లు కింది దవడకే ఉంటాయి. రెండేళ్లు దాటాక పాలపళ్లు ఊడి నడుమ రెండు పెద్ద పళ్లు వస్తాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు వాటికి అటూ ఇటూ మరో రెండు. రెండు పళ్ల గిత్తలు ఒక విభాగం, నాలుగు పళ్లవి ఇంకో విభాగం, ఎవరి బండ వాళ్లది. మూడో పన్ను చిగురు దాటి కనబడిందంటే ఆ గిత్త నాలుగు పళ్ల కిందికే వస్తుంది. గడువులో బండను ఎక్కువ దూరం లాగిన జత గెలిచినట్టు. ఇంతే. కానీ ఈ ఇంత దానికి మనుషులు పడే తిప్పలు, పెట్టే తిప్పలు చూస్తే ఆయనకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

ఇరవై రెండేళ్లప్పుడు పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేరాడు. గిత్త ముక్కు పట్టి తల ఎత్తి, దవడ పక్కన పళ్లు లేని సందులో చెయ్యి దూర్చి, నాలుక పట్టుకుని నోరు తెరవడం అక్కడి పెద్ద డాక్టరు నేర్పించాడు. ఆయన చెయ్యి పడితే ఎంత పొగరుబోతు ఎద్దయినా కొంచెం సేపు సాధువైపోయేది. ఆ సంగతి తిరునాళ్ల కమిటీల చెవిన పడింది. ఒక ఊరివాళ్లు పిలిచారు, చూసి పక్క ఊరివాళ్లు పిలిచారు. ఉద్యోగం అయిపోయినా ఈ పని మాత్రం అయిపోలేదు.

పోటీ రోజున ఎద్దుల సొంతదారులెవరి దగ్గరా ఆయన మంచినీళ్లు కూడా పుచ్చుకోడు. బిస్మిల్లా అనుకుని నోట్లో చెయ్యి పెడతాడు. చూసింది చూసినట్టు చెబుతాడు. ఆ తర్వాత మొదలయ్యేది అసలు యాతన. ఒకడు కాళ్లు పట్టుకుంటాడు, ఒకడు ఎమ్మెల్యే మనిషితో ఫోను చేయిస్తాడు, ఒకడు మతం ఎత్తుతాడు. పన్ను మొలిస్తే దాన్ని రానీయకుండా చేసే నాటువైద్యులు కూడా పుట్టుకొచ్చారు. మొలిచే పన్నును పట్టకారతో కత్తిరించి, చిగురుకు పసుపు పట్టించి, పాలపన్ను ఊడిందని చెప్పడం వాళ్ల విద్య.

ఇవన్నీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పుకుంటే తప్ప ఆయనకు కడుపుబ్బరం తీరేది కాదు. భార్య మదార్ బీ ఊ కొట్టేది. కూతురు శిరీన్ పెళ్లయి పక్క వీధిలోనే కాపురం. అల్లుడు అక్బర్‌కు వెల్డింగ్ షాపు. మామ చెప్పే ఈ కథలంటే అక్బర్‌కు మహా ఇష్టం, మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేవాడు. తన మాట వినేవాడు ఒకడు దొరికాడని హుసేన్ వలి మురిసిపోయేవాడు.

మోసగాళ్ల మీద కోపం తెచ్చుకోవచ్చు, అంతటితో పోతుంది. ఆయన్ను నిజంగా పీడించింది రామసుబ్బమ్మ. పోరుమామిళ్ల వైపు నుంచి వచ్చిన ముసలామె. "నా చేతుల మీద పుట్టిందప్పా ఇది, రెండున్నరేండ్లు కూడా నిండలా," అంది. ఆమె అబద్ధమాడలేదని కొమ్ములు, గిట్టలు చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ గిత్తకు పళ్లు తొందరగా వచ్చేశాయి, మూడో పన్ను బియ్యపు గింజంత బయటికి కనిపిస్తోంది. రూలు పుట్టిన తేదీకి కాదు, పన్నుకు. కుదరదన్నాడు. ఆమె శాపనార్థాలు పెట్టలేదు, ఏడవలేదు. "రూలట్లుంటే నువ్వు మాత్రం ఏం జేస్తావులే," అని గిత్తల్ని తోలుకుని వెళ్లిపోయింది. వంద మంది దొంగలు తిట్టినా నిద్రపోయిన మనిషి, ఆ ఒక్క మాటకు వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

రెండేళ్ల కిందట అక్బర్‌కు ఎద్దుల పిచ్చి పట్టింది. తన స్నేహితుడు బాలస్వామితో కలిసి ఒక గిత్తల జతను కొన్నాడు. మేపింది, కడిగింది, దుక్కిలో నడిపించి సాధన చేయించింది అంతా బాలస్వామి. అక్బర్ ఆదివారాలు వెళ్లి ఫోనులో వీడియోలు తీసుకొచ్చేవాడు. "మామా, రెండు పండ్లలో మన జత దిగితే మైదానం అదురుతాది," అనేవాడు. హుసేన్ వలి మాత్రం ఆ కొట్టం వైపు వెళ్లలేదు. ముందే చూస్తే రేపు ఎవడో ఒకడు నోరు పారేసుకుంటాడని ఆయన జాగ్రత్త.

మరుసటి ఏడు ఉగాది తిరునాళ్ల రంజాన్ నెల చివర్లో పడింది. పండక్కి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. నాలుక పిడచకట్టుకుపోయే ఎండలో, రోజా ఉపవాసం ఉండి, హుసేన్ వలి పొద్దుటి నుంచి ఎనిమిది జతలు చూశాడు. రెండింటిని వెనక్కి పంపాడు. ఆరు ఒట్లు విన్నాడు. తొమ్మిదో జత పేరు మైకులో పిలవగానే కమిటీ పెద్ద పుల్లన్న దగ్గరికి వెళ్లాడు.

"పుల్లన్నా, ఇది మా అల్లుని జత. నేను చూడను. ఇంకెవర్నన్నా పిలిపియ్యి."

"ఇంకెవరుండారు వలీ? డాక్టరు యాడనో బర్రె ఈనలేక అవస్థపడతాందని పొద్దున్నే పాయ. జనాలు ఎండకు మాడతాండారు. చూడు పో. నీ అల్లుడు నీకు అబద్ధం చెప్తాడా?"

"నోరుండే ప్రతివాడూ చెప్తాడు," అని విసుక్కుంటూనే వెళ్లాడు.

కాడికి కుడి పక్కనుండే వలపటి గిత్తకు పేచీ లేదు. ఎడమ పక్కనుండే దాపటి గిత్త నోరు తెరిచాడు. నడుమ రెండు పెద్ద పళ్లు. కుడివైపు పాలపన్ను. ఎడమవైపు పాలపన్ను లేదు, ఖాళీ. ఆ ఖాళీలో చిగురు వాచి, పచ్చగా ఉంది. బొటనవేలితో నెమ్మదిగా తడిమాడు. మెత్తగా తగలాల్సిన చోట పగిలిన పెంకులాగా గరుకు అంచు తగిలింది. గిత్త తల విదిలించుకుని మూలిగింది. చొంగలో సన్నటి రక్తపు తీగ. ఆయన వేలికి పసుపు అంటింది.

హుసేన్ వలి ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు. తల ఎత్తితే అల్లుడి మొహం చూడాలి.

అక్బరే ముందు మాట్లాడాడు. "తొట్టికి గుద్దుకోని పాలపన్ను ఊడిపాయ మామా. రోజా ఉండి చెప్తాండా. పెద్ద దర్గా సాక్షి."

హుసేన్ వలి నెత్తిన ఎండంతా ఒక్కసారిగా దిగినట్టయింది. "రోజా నీకూ అల్లాకూ మధ్య ఉండే సంగతి. దాన్ని ఎద్దు పంటికాడికి ఎందుకు ఈడుస్తావు? దర్గా ఏం పాపం జేసింది? నువ్వు పన్ను కోసినావు గదా, కోసినానను!"

"మెల్లగ మామా, జనం చూస్తాండారు."

"చూడనీ!"

పుల్లన్న పరుగున వచ్చి ఇద్దరి నడుమ దూరాడు. సంగతి వినగానే రాజీ వెతికాడు. "పోనీలే వలీ, మనోళ్లే గదా. ఈ పొద్దు వద్దు. రేపు నాలుగు పండ్ల పోటీలో దింపుదాం."

"రేపు గూడా దిగదు. చిగురు పుండై ఉంటే గడ్డే తినలేదు, అది బండేం లాగుతాది? నువ్వు లాగు, చూద్దాం."

బాలస్వామికి ఇదంతా అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆ పొద్దున్నే చర్చిలో ప్రార్థన చేయించుకుని గిత్తల్ని తోలుకొచ్చిన మనిషి. రెండు రోజుల కిందట రాత్రి కొట్టంలో కాపలా పడుకున్నది అక్బర్ ఒక్కడే; అప్పటి నుంచి దాపటిది దాణా ముట్టడం లేదు, ప్రయాణానికి బెదిరిందేమో అనుకున్నాడు. ఇప్పుడు తానే వంగి నోరు తెరిచి చూశాడు. కాడి విప్పి గిత్తల్ని మైదానం బయటికి నడిపించాడు. మైకులో తొమ్మిదో జతను తప్పించినట్టు చెబుతున్నప్పుడు వెనక్కి కూడా తిరగలేదు.

సాయంత్రం రోజా విడిచే వేళకు కూతురు, అల్లుడు హుసేన్ వలి ఇంట్లోనే ఉన్నారు. మదార్ బీ ఖర్జూరాలు, గంజి పెట్టింది. అందరూ ఒక్కో గుక్క మింగారో లేదో, శిరీన్ మొదలుపెట్టింది.

"నాయనా, మైకులో చెప్పించకుండా ఉంటే ఏం బోయింది? ఊరోళ్లంతా నా మొగాన్నే చూస్తాండారు."

మదార్ బీ కూడా కూతురి పక్కే చేరింది. "ఏం మనిషివయ్యా నువ్వు? చూసీ చూడనట్టు పోతే ఆకాశం ఊడిపడ్తాదా? రేపు మాపు పండగ పెట్టుకోని!"

"మీకు పండగే కనబడ్తాంది. ఆ మూగజీవం నోట్లో రక్తం కనబల్యా?" అని గిన్నె పక్కకు నెట్టాడు. "పన్ను కోసే విద్య యాడ నేర్చినావురా నువ్వు? ఏ నాటువైద్యుని కాడికి పోయినావు?"

అప్పటిదాకా తల వంచుకున్న అక్బర్ తల ఎత్తాడు. "ఎవరికాడికీ పోలా. నువ్వే నేర్పిచ్చినావు. ఈడనే కూచోని. పట్టకార ఎట్ల పట్టాల, పసుపు ఎన్ని దినాలు పెట్టాల, అన్నీ నువ్వు చెప్పినవే గదా మామా."

దొంగల మీద కోపంతో, ఏళ్ల తరబడి, హుసేన్ వలి ఈ ఇంట్లో దొంగతనం పాఠం చెప్పాడు. శ్రద్ధగా విన్న ఒక్కగానొక్క శిష్యుడు ఎదురుగా కూర్చున్నాడు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. లేచి నమాజుకు వెళ్లిపోయాడు. నమాజులో కూడా బొటనవేలి మీది పసుపు మరకే కళ్లబడింది.

పండక్కి శిరీన్, అక్బర్ రాలేదు. మదార్ బీ సేమియా చేసింది కానీ గిన్నె ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టింది. హుసేన్ వలి తెల్లబట్టల్లోనే మందు సీసా పట్టుకుని బాలస్వామి కొట్టానికి వెళ్లాడు. చిగురు కడిగి మందు పూశాడు, నానబెట్టిన దాణా మెత్తగా పిసికి పెట్టించాడు. మర్నాడూ వెళ్లాడు. అలా పదకొండు రోజులు. నాలుగో రోజున అక్బర్ వచ్చి కొట్టం బయట బండి మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు. ఆరో రోజున వచ్చి మాట్లాడకుండా గిత్త తల పట్టుకున్నాడు.

"ముక్కు పట్టు. చెవులు కాదు," అన్నాడు హుసేన్ వలి. వారంలో మామా అల్లుళ్ల మధ్య నడిచిన మాటలు అవే.

బాలస్వామి మాత్రం అక్బర్‌ను అంత సులువుగా వదల్లేదు. "బుధవారం, శనివారం నువ్వే పేడ ఎత్తాల. గిత్తల్ని నువ్వే కడగాల. దాని పక్కన నిలబడితే గదా తెలిసేది, అది బతికుండే జీవమని," అని తేల్చి చెప్పాడు. వెల్డింగ్ షాపు మూసుకుని అక్బర్ వెళ్లక తప్పలేదు. మొదట్లో గొణిగాడు. తర్వాత్తర్వాత గొణగడం తగ్గింది, వీడియోలు తీయడం కూడా తగ్గింది.

ఇక ఈ పళ్లు చూసే పని మానేద్దామని హుసేన్ వలి గట్టిగా అనుకున్నాడు. అనుకున్న వారానికే ఫోన్లు రెట్టింపయ్యాయి. "సొంత అల్లుణ్నే వదల్లేదంట గదన్నా! నీయట్టాటి మనిషే కావాల మాకు." మైదుకూరు వైపు ఒక ఊళ్లో ఒకాయన అందరి ముందూ ఆయనకు దండ వేసి, నీతి గురించి మైకులో పావుగంట మాట్లాడాడు. దిగివచ్చి, దండ ఇంకా మెడలో ఉండగానే, చెవిలో ఊదాడు: "మాది కొంచెం మూడో పన్ను తొంగి చూస్తాంది వలన్నా. నువ్వు పెద్దమనసు చేసుకోవాల." హుసేన్ వలి దండ తీసి ఆయన ఎద్దు ముందే వేశాడు. ఎద్దు శుభ్రంగా తినేసింది.

ఆగస్టులో అక్బర్, బాలస్వామి తమ జతను నాలుగు పళ్ల విభాగంలో దింపారు. పళ్లు చూసే పనికి ఈసారి హుసేన్ వలి పశువుల డాక్టరును రప్పించి, తాను జనంలో కూర్చున్నాడు. గిత్తలు బాగానే లాగాయి. చివరి మలుపులో దాపటిది మోకాళ్ల మీదికి వంగి కూడా లేచి నాలుగడుగులు ఎక్కువే వేసింది. నాలుగో స్థానం. మూడో స్థానానికీ వాళ్లకూ నడుమ మూడడుగుల తేడా.

మినీ లారీ వెనక గిత్తల పక్కన కూర్చుని ఊరికి తిరిగొస్తుంటే అక్బర్ నోరు మూయలేదు. "మూడో జత దూరం కొలిచేటప్పుడు టేపు పట్టినోడు ఒదులుగా పట్టినాడు మామా. నేను కండ్లారా చూసినా. గట్టిగా లాగింటే మనదే మూడోది. కమిటీకి అర్జీ ఇస్తాం. ఏమంటావు?"

"ఏమీ అనను."

"అన్యాయం గదా?"

"ఒరే, రెండు గిత్తలు రొప్పకుండా గమ్మున నిలబడుకోనుండాయి. ఓడింది అవి. వాటికి లేని బాధ నీకెందుకురా?" అని విసుక్కున్నాడు హుసేన్ వలి. బాలస్వామి పకపకా నవ్వాడు. అక్బర్ మాత్రం బద్వేలు వచ్చేదాకా టేపు గురించే చెబుతూ వచ్చాడు. హుసేన్ వలి భుజం మీది తువ్వాలు తలకు, చెవులకు బిగించి చుట్టుకుని, దాపటి గిత్తకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.