ముందు గుమ్మంలోకి వచ్చిన నీలం పంట్లాం

క్లాంగ్ పట్నంలో మా ఫ్లాటు వరండా తీగ మీద ఇప్పుడు ఆరేసేవన్నీ జీన్సులే. కొడుకువి, కోడలివి, మనవరాలివి. అవే తొడుక్కుని ఆఫీసుకు వెళ్తారు, గుడికీ వెళ్తారు. నేనేమీ అనను. కానీ ఆ తడి గుడ్డ బరువు చేతికి తగిలితే చాలు, మా ఎస్టేటు కూలీల లైనులోని ఇల్లు కళ్ల ముందుకొచ్చి నిలబడుతుంది.

క్వాలా సెలంగోర్ దగ్గర పామాయిల్ తోటలో అయ్య గెలలు కోసేవాడు. ఆ మట్టల ముళ్లు మామూలు గుడ్డనైతే ఒక్క పూటలో పీలికలు చేసేవి. అందుకని అయ్యకు ముతక నీలం పంట్లాం. నూనె, బురద, చెమట పట్టి అది అట్టముక్కలా బిరుసెక్కేది. దాన్ని మా గుడ్డలతో కలిపి ఉతకకూడదు. దానికి వేరే రాయి, వేరే తీగ. నీలం పంట్లాం తొడుక్కున్న మనిషి ఎవరైనా సరే, ముందు గుమ్మం తొక్కకూడదు. చుట్టూ తిరిగి పెరట్లోకొచ్చి, పీపాలో నీళ్లతో కాళ్లు కడుక్కోవాలి. అది మామ్మ పెట్టిన చట్టం. మామ్మంటే అయ్యకు అమ్మ. మా అమ్మ పోయాక ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట.

నాకు క్లాంగ్ నుంచి సంబంధం వచ్చింది. ఈ పరాయి దేశంలో మా చుట్టుపక్కలంతా తమిళ కుటుంబాలే. పిల్లను తెలుగు మాట్లాడే ఇంటికే ఇవ్వాలని అయ్య పట్టుదల. ఇది తప్పిపోతే అలాంటి ఇల్లు మళ్లీ దొరకదని ఆయన భయం.

ఆ వేళ నన్ను చూసుకోవడానికి పెళ్లివారు బస్సు దిగారు. తల్లి, మేనమామ కొట్టు దగ్గర అరటిపళ్లు కొనడానికి ఆగితే, పెళ్లికొడుకు ముందు నడిచొచ్చేశాడు, కొత్త నీలం పంట్లాంలో. పట్నంలో అప్పుడు అదే షోకు. మెట్టు మీద కూర్చున్న మామ్మకు చూపు మందం. ఆవిడకు నీలం ఒక్కటే కనబడింది.

"ఏట్రా, ఎదర గుమ్మంలోకి వొచ్చేస్తన్నావేటి? ఎనక్కెల్లి కాళ్లు కడుక్కో!"

అతను చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చి, పీపా దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. నేనింకా పాత గుడ్డల్లోనే పొయ్యి దగ్గర గారెలు వేస్తున్నాను. తోటలోకి కొత్తగా వచ్చిన మనిషి కాబోలనుకున్నాను.

"కడిగిన కాళ్లతో మళ్లీ మట్టి తొక్కుతావేటి? ఆ పలక మీద కూకో," అని కసిరాను. "ఇయేల మాకు సుట్టాలొస్తన్నారు. అయ్యతో బేగి మాటాడి ఎల్లిపో."

"సరే లా," అని ఈ దేశపు ఊతపదం తగిలించి కూర్చున్నాడు. "గారెలు సుట్టాలకేనా?"

"మరి నీకా?"

ఇంతలో ముందు గదిలో గొడవ. పిల్లాడేడీ అని వెతుక్కుంటూ అందరూ పెరట్లోకి వచ్చారు. పీపా పక్కన కూర్చున్న మేనల్లుణ్ణి చూసి మేనమామ ముఖం కందగడ్డయింది.

"మావోడు మీకు కూలోడిలాగ కనిపించినాడా? పద అప్పా, పోదాం!" అన్నాడు తన అక్కతో.

అయ్య చేతులు జోడించాడు.

అతనే లేచాడు. "ఆగు మావా. ఆవిడ తప్పేటుంది? ఇది కూలోళ్ల గుడ్డే. మా ఫ్యాక్టరీలో ఇయ్యే కుడతాం గదా. ఎక్కడో అమెరికాలో గనులు తవ్వీవోళ్ల జేబులు ఊరికే సిరిగిపోతంటే, మూలల్లో రాగి బిళ్లలు కొట్టి బిగించినారంట. షోకు తరవాతొచ్చింది."

జేబు మూల చూపించాడు. మామ్మ వంగి వేలితో తడిమింది.

"రాగేనా బాబూ?"

"రాగే మామ్మా. నానే కొట్టినాను."

"మరైతే నానేటి తప్పు సెప్పినాను? పనోళ్ల పంట్లాం పెరట్లోకే గదా రావాల!"

పిల్లాడి తల్లి పకపకా నవ్వేసింది.

"నవ్వకప్పా!" అని విసుక్కున్నాడు మేనమామ. "మనం ఇంకా పిల్లని సూడనే లేదు."

"నాను సూసినాను మావా," అన్నాడతను. "మాటాడినాను కూడా. మంచి తెలుగు. కసరడం కూడా తెలుగులోనే."

మేనమామ నావైపు చూశాడు. నేను చేతిలో చిల్లుల గరిటెతో తలొంచుకున్నాను. పిల్లాడి తల్లి సంచిలోంచి మల్లెపూలు తీసి, ఆ పొయ్యి దగ్గరే నా తలలో పెట్టింది. అయ్య అప్పుడు గాని జోడించిన చేతులు దించలేదు.