తోట కొలనుకు మిషన్, పీకేసిన డబ్బా

రెండేళ్ళ కిందట, ఏప్రిల్ నెల. హిందూపురంలో మాది పంపులు, మోటార్లు అమ్మి రిపేరు చేసే అంగడి. మోటార్ వైండింగ్, అంటే కాలిపోయిన రాగితీగ తీసేసి కొత్తది చుట్టే పని, మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది కౌంటర్ వెనక నిలబడి. అయినా ఇప్పటికీ కొందరు లోపలికి తొంగిచూసి, "మగోళ్ళెవురూ లేరా?" అని అడుగుతారు. ఆ కోపం పాతది. ఇప్పుడు రాస్తున్నది వేరే కోపం గురించి.

ఆ వేసవిలో అంగడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రైతులే. బోర్లలో నీళ్ళు అందక, మోటారు ఇంకా కిందికి దించడానికి పైపుల కోసం వచ్చేవాళ్ళు. అలాంటి నలుగురు బెంచీ మీద కూర్చుని ఉండగా ఒకాయన కారు దిగివచ్చి, "గార్డెన్ పాండ్ క్లీన్ చెయ్యడానికి వాక్యూమ్ ఉందా మేడమ్?" అన్నాడు. బెంచీ మీది తలలన్నీ అటు తిరిగాయి.

ఆయన పేరు ప్రభాకర్ అనుకుందాం. ఉద్యోగం బెంగళూరులో. చిలమత్తూరు దగ్గర ఫార్మ్‌హౌస్ కట్టుకున్నాడు. తోటలో చిన్న కొలను, అందులో రంగు చేపలు, కలువలు. శని ఆదివారాలు స్నేహితులతో వస్తాడు. కొలను అడుగున బురద పేరుకుపోయి వాసన వస్తోందట.

"ఇప్పటిదాకా ఎట్లా తీస్తున్నారు?" అని అడిగాను.

"తోటమాలి ఉన్నాడు. దిగి బకెట్‌తో తోడతాడు."

కొలను చూడకుండా ఈ మిషన్ అమ్మకూడదు. మరుసటిరోజు స్కూటరేసుకుని వెళ్ళాను. గేటు తీసినవాడే తోటమాలి నాగప్ప. యాభై దాటినవాడు. నెలల తరబడి బురదనీళ్ళలో నిలబడి కాలివేళ్ళ సందులు ఒరిసి తెల్లగా పాసిపోయాయి. కర్ర దించి చూస్తే జానెడు బురద.

ఈ వాక్యూముల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒక ట్యాంకుది నిండగానే ఆగిపోతుంది, ఖాళీ చేశాకే మళ్ళీ పీలుస్తుంది. రెండు ట్యాంకులది ఒకటి నింపుకుంటూ ఇంకొకటి వదులుతుంది కాబట్టి పని ఆగదు. ధర ఎక్కువ. జానెడు బురదకు రెండోదే సరైనదని అక్కడే ఉన్న ప్రభాకర్‌కు చెప్పాను. దాని అవుట్‌లెట్‌కు పొడుగు పైపు తగిలించవచ్చు. నాగప్ప అది విని దగ్గరికొచ్చి, "మ్మా, ఆ పైపు జామచెట్ల కాడికి పోతాదా? బురదనీళ్ళు చెట్లకు మంచి ఎరువు. ఇంతకాలం సారు రోడ్డు మీద పోయమంటాండె. ఊర్లో ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకోని కూసునుంటే ఈడ నీళ్ళు రోడ్డుకు పోసేది పాపం కదా" అన్నాడు. అందుతుందన్నాను. ముఖం వెలిగిపోయింది.

ప్రభాకర్‌కు ఇంకో మాట కూడా చెప్పాను. నీళ్ళ దగ్గర కరెంటు మిషన్ వాడాలంటే ఆర్‌సీసీబీ తప్పనిసరి. కరెంటు ఏ తడిలోకో, మనిషి ఒంట్లోకో లీకైతే కనురెప్ప పడేలోపు సప్లై ఆపేసే స్విచ్చి అది. దాన్ని ఒక డబ్బాలో బిగించి, మందమైన కేబుల్‌తో ఇస్తాను. మిషన్ నడుస్తుండగా ఎవరూ నీళ్ళలో దిగకూడదు. గట్టు మీద నిలబడి పొడుగు గొట్టంతో పీల్చాలి.

"ఇంత హంగామా ఎందుకు మేడమ్? మిక్సీ కూడా నీళ్ళ పక్కనే వాడతాం కదా" అని నవ్వాడు.

నవ్వలేదు నేను. డబ్బా లేకుండా మిషన్ ఇవ్వనన్నాను. సరేనన్నాడు. నేనే వెళ్ళి బిగించి, టెస్ట్ బటన్ నొక్కితే సప్లై ఎలా ఆగిపోతుందో నాగప్పకు, అతని భార్య లక్ష్మక్కకు చూపించి వచ్చాను.

రెండు వారాల తర్వాత ఒక గురువారం సాయంత్రం నాగప్ప ఫోన్ చేశాడు.

"మ్మా, డబ్బాలో స్విచ్చి మాటిమాటికీ పడిపోయి కరెంటు పోతాండాది. కొలను ఆ పక్కకు కేబుల్ చాల్లేదని సారు పాత వైరొకటి ఇచ్చినాడు. దాన్ని ముడేసినాం."

"ఆ వైరు లీకవుతోంది నాగప్పన్నా. డబ్బా తన పని తాను చేస్తోంది. నేను రేపు సాయంత్రం వస్తా. అంతవరకూ మిషన్ ముట్టుకోవద్దు."

"శనివారం సారోళ్ళు వస్తాండారంట. ఈ లోపల తేటగా ఉండాలంటాండాడు."

"నేను చెప్పినానని చెప్పు."

అంతే అన్నాను. ఫోన్ పెట్టేసి, బల్ల మీద విప్పి ఉన్న మోటారు దగ్గరికి వెళ్ళిపోయాను. ప్రభాకర్‌కు నేనే ఫోన్ చేసి ఉండాల్సింది. "నేను చెప్పినానని చెప్పు" అని ఒక జీతగాడి భుజం మీద ఆ బరువు పెట్టేశాను. యజమానికి ఎదురు చెప్పడం అతని వల్ల అయ్యే పనేనా? ఆ మాత్రం ఆలోచన నాకు ఆ సాయంత్రం రాలేదు.

మరునాడు పదకొండు గంటలప్పుడు లక్ష్మక్క ఫోన్ చేసింది. మాట సరిగా రావడం లేదు. "కరెంటు కొట్టినాది మ్మా. నీళ్ళలో పడిపోయినాడు."

ప్లగ్గు పీకేసింది ఆమే. మిషన్ చప్పుడులో ఏదో తేడా వినబడి వరండాలోంచి చూస్తే, మొగుడు తడిగడ్డి మీది వైరు పట్టుకుని వణుకుతున్నాడట. పరిగెత్తి ప్లగ్గు లాగింది. చెయ్యి వదులైన నాగప్ప నీళ్ళలోకి పడ్డాడు. పక్క తోటలో పనిచేసేవాళ్ళు పైకి లాగారు. ప్రాణం ఉంది. కుడి అరచెయ్యి ఎముక కనబడేలా కాలిపోయింది.

హిందూపురం ఆసుపత్రిలో అతన్ని చూసి, నేరుగా తోటకు వెళ్ళాను. గడ్డిలో పడి ఉన్న వైరు చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిళ్ళలో సీరియల్ లైట్లకు వాడే సన్నటి వైరు. మూడు చోట్ల ముడి, పైన మామూలు ప్లాస్టిక్ టేపు. లక్ష్మక్క పీకేసిన కొస వరండా ప్లగ్గు కిందే పడి ఉంది, మధ్యలో డబ్బా లేదు. నా డబ్బా స్టోర్‌రూమ్‌లో, ఎరువు సంచుల మీద ఉంది. టెస్ట్ బటన్ నొక్కి చూశాను. శుభ్రంగా పనిచేస్తోంది.

మధ్యాహ్నం ప్రభాకర్ వచ్చాడు. కారు దిగి కొలను దగ్గరికి నడిచి, ఆసుపత్రికి బట్టలు తీసుకుపోవడానికి వచ్చిన లక్ష్మక్కను అడిగిన మొదటి మాట, "చేపలకేం కాలేదు కదా?"

ఆమె తలెత్తి చూసింది.

ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, మీరు సర్వీస్ రిపోర్ట్ ఇస్తారు కదా. మిషన్‌లో లోపం లేదు, ఆపరేటర్ తప్పిదం అని ఒక్క లైను రాయండి చాలు. మీకూ మంచిది, నాకూ మంచిది. డబ్బా తీసేయడం వాడు సొంతంగా చేసిన పని."

అప్పుడు లక్ష్మక్క నోరు విప్పింది. "సొంతంగా చేసినాడా? ఇదెవురి గొంతు సారూ?" అని కొంగులోంచి నాగప్ప ఫోన్ తీసి నొక్కింది. గురువారం రాత్రి పంపిన వాయిస్ మెసేజ్. ప్రభాకర్ గొంతే. "ఆ డబ్బా పీకి పక్కన పడెయ్ నాగప్పా. డైరెక్టుగా ప్లగ్గులో పెట్టు. అంగడామె మాటలు నాకు చెప్పొద్దు. శనివారం గెస్టులొస్తున్నారు, నీళ్ళు తేటగా ఉండాలి."

ఆయన మొహం మాడిపోయింది. "ఏదో తొందరలో అన్నాను" అన్నాడు.

"ఆపరేటర్ తప్పిదమని రాస్తా సార్" అన్నాను. "ఆపరేటర్ ఎవరో కూడా రాస్తా. చేత్తో గొట్టం పట్టుకున్నవాడు కాదు, బెంగళూరులో కూర్చుని ఫోన్‌లో నడిపించినవాడు."

అక్కడే వరండా మెట్ల మీద కూర్చుని రాశాను. వైరు ఎలాంటిది, ముడులెన్ని, డబ్బా ఎక్కడ దొరికింది, ఎవరి మాట మీద తీశారు. గురువారం నాకు ఫోన్ వచ్చిన సంగతి, నేను యజమానికి చెప్పని సంగతి కూడా రాశాను. అది రాయకపోతే మిగతాదంతా రాసే హక్కు నాకు లేదనిపించింది. ఒక కాపీ ఆయనకు, ఒకటి లక్ష్మక్కకు ఇచ్చాను.

లక్ష్మక్క ఫిర్యాదు ఇచ్చిన పోలీసు స్టేషన్‌లో ఆ కాగితం, ఆ మెసేజ్ బయటపెట్టాక ప్రభాకర్ గొంతు తగ్గింది. బెంగళూరులో నాగప్ప చేతికి రెండు ఆపరేషన్లు ఆయనే చేయించాడు. న్యాయం అంతవరకే జరిగింది. నాగప్ప చూపుడువేలు, మధ్యవేలు ఇప్పటికీ ముడవవు. పార పట్టలేడు. మడకశిర వైపు బావమరిదికున్న గొర్రెలు కాస్తున్నాడు. నేను వెళ్ళి గురువారం సంగతికి క్షమించమన్నాను. "నువ్వు ముట్టుకోవద్దంటివి కదమ్మా. ముట్టుకోకుంటే పని పోతాదని నాకు తెలుసు, నీకు తెల్దు" అన్నాడు. ఆ మాటలో నింద లేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

పీల్చే శక్తి ఎంత, ట్యాంకులెన్ని, పైపు పొడవెంత అన్నవి చూసి మిషన్ ఎంచడం నాకు ఎప్పటినుంచో తెలుసు. దాన్ని పట్టుకునే మనిషికి "నేను చెయ్యను" అనే వీలుందా అన్నది చూడాలని మాత్రం ఆ కేసుతోనే తెలిసింది. ఇప్పుడు నీళ్ళలో వాడే ఏ మిషన్ అయినా, నడిపే మనిషి అంగడికి రాకుండా అమ్మను. అతని ముందే యజమానితో అంటాను: "డబ్బా పడిపోతే ఇతను పని ఆపేస్తాడు. మీరేమన్నా అనాలంటే నన్ను అనండి." కొందరు ముఖం చిట్లించి వెళ్ళిపోతారు. పోనీ. ఆ రోజు వరండాలో వచ్చిన కోపం ఇంకా అలాగే ఉంది, తగ్గించుకోవాలని కూడా లేదు.