పైకన్నాలు

సామర్లకోట దాటాక మా ఆవిడ ఫోన్ చేసింది. రైలు రొదకి స్పీకర్ పెట్టాను.

"ఇన్వర్టర్ బ్యాటరీ అలమరలోంచి దోమలొచ్చేస్తున్నాయండి. పైనున్న గాలి కన్నాలు నిన్ననే మూయించేశాను. ఉంటాను, దీపం పెట్టాలి."

"మంచి పని చేశావు," అన్నాను.

ఎదుటి సీట్లోని పెద్దాయన నా వైపు వంగారు. "బ్యాటరీ ఛార్జవుతుంటే హైడ్రోజన్ వస్తుందండి. అది పైకే పోతుంది. దారి మూసేస్తే అక్కడే పేరుకుంటుంది."

"వాసన తెలుస్తుంది కదండీ?"

"తెలియదండి. మేమూ దోమలొస్తున్నాయనే మూశాం." కనుబొమలు ఉండాల్సిన చోట ఆయన వేళ్లతో తడుముకున్నారు. "మీ దేవుడి గూడు ఎక్కడండి?"

"ఆ అలమర పైనే."

ఆయన నా చేతిలోని ఫోన్ వైపు వేలు చూపించారు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. దీపం పెట్టేటప్పుడు మా ఆవిడ ఫోన్ ఎత్తదు.